వేషమూ – వేటా: ఒక చారిత్రక పరిశీలన

1

చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతంలోని చిన్న మంగళారం సముద్రానికి ఎంతో దూరాన ఉన్న పల్లె. అక్కడివారికి చేప అంటే చెరువు చేపే. వానకాలంలో అలుగు పారినప్పుడు నీటికి ఎదురెక్కే చేప, ఎండాకాలంలో నీళ్ళు అడుగంటాక బురదలో చేతికి చిక్కే కొర్రమీను – ఇంతవరకే వారి ఎరుక. అటువంటి ఊళ్ళో ఒక సాయంకాలం నేను పిట్టలదొర వేషం చూశాను. చిరిగిన ఖాకీ కోటు, తలమీద పాత టోపీ, భుజాన కట్టె తుపాకీ. లేని భూములను లెక్కపెడుతూ, లేని మేడలను వర్ణిస్తూ, కొట్టని పిట్టలను కొట్టినట్టు చెబుతూ అతడు వీధి పొడవునా నడిచాడు. వెంటపడ్డ పిల్లలు, అరుగులమీది ముసలివాళ్ళు, గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళు అందరూ నవ్వారు. ఆ నవ్వు వేషం కట్టిన పేదవాడిమీద కాదు. ఒకప్పుడు అటువంటి వీధుల్లోనే నిజం తుపాకీతో, నిజం టోపీతో తిరిగిన దొరమీద. ఆ సంగతి నవ్వినవాళ్ళందరికీ తెలుసు.

ఆ తర్వాత కొద్దిరోజులకు మా తరగతిలో ఒక విద్యార్థి ఒక ఫోటో చూపించాడు. ఏదో విదేశ నగరంలో కొందరు యువతీయువకులు చేపల వేషాలు, తాబేళ్ళ వేషాలు కట్టి నడివీధిలో నిలబడి ఉన్నారు. మితిమీరిన వేటవల్ల సముద్రం ఖాళీ అవుతున్నదని జనానికి చెప్పడం వారి ఉద్దేశం. “సార్, దీన్ని ఉద్యమం అనాలా, తమాషా అనాలా?” అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తమాషా అని కొట్టిపారేస్తే, మన పిట్టలదొరనూ పగటివేషగాణ్ణీ కూడా కొట్టిపారేసినట్టే. ఉద్యమమని పొగిడితే, ఆ వేషం చూసి ఎవరు నవ్వారు, ఎవరిమీద నవ్వారు, చివరకు ఎవరి వల తెగింది అన్న ప్రశ్నలు అడగకుండా వదిలినట్టే. ఈ వ్యాసం ఆ విద్యార్థికి ఆలస్యంగా చెప్పుకుంటున్న జవాబు.

2

వేషాన్ని వినోదంగా మాత్రమే చూడటం చదువుకున్నవాళ్ళకు వచ్చిన అలవాటు. మన ప్రజల చరిత్రలో వేషం అనేకసార్లు అర్జీగానూ, అభియోగంగానూ పనిచేసింది.

మాచుపల్లి కైఫీయతులో ఒక వృత్తాంతం ఉంది. సిద్ధవటం సీమను ఏలుతున్న సమ్మెట గురవరాజు ప్రజలను పీడించి, స్త్రీలను సైతం చిత్రహింసలు పెట్టి సొమ్ము రాబట్టేవాడట. ఆ దారిన వచ్చిన కూచిపూడి భాగవతులు ఆ ఘోరాన్ని చూశారు. వారు విజయనగరం చేరి వీరనరసింహరాయల కొలువులో ప్రదర్శన ఇచ్చినప్పుడు ఒకరు గురవరాజు వేషం, మరొకరు హింసకు గురయ్యే స్త్రీ వేషం కట్టి, తాము చూసినదాన్ని చూసినట్టు ఆడి చూపించారు. రాజుకు సంగతి బోధపడి సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి శిక్షించాడని కైఫీయతు చెబుతుంది. పదహారవ శతాబ్ది తొలినాళ్ళదిగా చెప్పే ఈ కథలో అక్షరాక్షరమూ చరిత్ర అని వాదించనక్కరలేదు. కాని ఒక వేషం ఒక పాలకుణ్ణి పడగొట్టగలదని ఆనాటి ప్రజలు నమ్మారు, ఆ నమ్మకాన్ని గ్రామ చరిత్రలో భద్రంగా దాచుకున్నారు. చరిత్రకారుడికి ఇది చిన్న సాక్ష్యం కాదు.

తిరుపతి గంగజాతరను చూడండి. భక్తి పొరను కొంచెం పక్కకు తొలగిస్తే అక్కడ కనిపించేది ఒక పాలెగాడి కథ. ఆడపిల్లలను చెరపట్టిన పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. వాణ్ణి వెతకడానికి ఆమె రోజుకొక వేషం ధరిస్తుంది: బైరాగి, బండ, తోటి, ఇలా. జాతరలో జనం కూడా ఆ వేషాలే వేస్తారు. చివరకు ఆమె దొర వేషం వేసినప్పుడు, తనకంటె పెద్ద దొర ఎవరో వచ్చాడనుకొని పాలెగాడు బయటపడతాడు. అక్కడే వాడి తల తెగుతుంది. బైరాగినీ తోటినీ చూసి బయటకు రానివాడు దొరను చూసి వచ్చాడు. అధికారం అధికారాన్ని మాత్రమే గుర్తిస్తుందనే సత్యాన్ని మన పల్లెజనం సిద్ధాంత గ్రంథాలు చదవకుండానే కనిపెట్టి, వేషాల వరుసలో పెట్టి చూపించారు.

అయితే ఈ సంప్రదాయాన్ని నెత్తికెత్తుకొని మురిసిపోవడం అభ్యుదయ విమర్శకుడి పని కాదు. పగటివేషాల్లో సోమయాజులును వేళాకోళం చేసినట్టే ఎరుకలవాణ్ణి, దొమ్మరవాణ్ణి కూడా వేళాకోళం చేశారు. వేషగాడు దొరగారి ఇంటిముందే బియ్యం కోసం చెయ్యి చాచాలి. ఆ చెయ్యి చాచినంతకాలం అతడి మాటకు ఒక హద్దు ఉండితీరుతుంది. భూస్వామ్య సమాజం నవ్వును అనుమతించింది గాని, నవ్విన తర్వాత లేచి నిలబడటాన్ని అనుమతించలేదు.

ఆ హద్దును తెలిసి తెలిసి దాటినవారు 1943 ప్రాంతంలో ఏర్పడిన ప్రజానాట్యమండలివారు. డాక్టర్ గరికపాటి రాజారావు నాయకత్వంలో వారు బుర్రకథ, వీధిభాగవతం, గొల్లసుద్దులు, పగటివేషం మొదలైన రూపాలను ప్రజల దగ్గర తీసుకొని, వాటిలో ఫాసిజాన్ని, కరువును, జమీందారీని నిలబెట్టారు. షేక్ నాజర్ చేతిలో బుర్రకథ కొత్త ప్రాణం పోసుకున్నది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మాభూమి’ తెలంగాణా రైతు పోరాటాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. వేషగాడు బియ్యం కోసం దొర గుమ్మం ముందు నిలబడక, తనను పోషించే ప్రజాసంఘం వెంట నడిచినప్పుడు నవ్వుకున్న హద్దు తొలగిపోయింది.

ఈ ఉదాహరణలన్నిటిలో సమానమైన అంశం ఒకటి ఉంది. కూచిపూడివారు గురవరాజు వేషం కట్టారు. గంగమ్మ దొర వేషం వేసింది. చిన్న మంగళారంలో నేను చూసినవాడు దొరగానే వచ్చాడు. ‘మాభూమి’లో దేశముఖు రంగస్థలం మీద నిలబడ్డాడు. పీడితుడు మాత్రమే కాదు, పీడకుడు కూడా వేషంలో కనిపించాడు. మన వేషాల బలమంతా ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. ఈ మాటను గుర్తుంచుకొని ఇక సముద్రం వైపు వెళదాం.

3

చేపలు ఎందుకు తగ్గుతున్నాయి? జాలరి ఆశపోతు కాబట్టి అని చెప్పేవారు పట్నాల్లో చాలామంది ఉన్నారు. చరిత్ర అలా చెప్పదు.

తెప్పమీద వెళ్ళి వేట చేసే వాడబలిజలకు, జాలర్లకు సముద్రమే కొంత హద్దు గీసింది. గాలి మారితే వేట లేదు, తుఫాను పడితే వేట లేదు. ఒక్కొక్క చేపకు ఒక్కొక్క వల. ఆ వలకన్ను దాటిపోయిన పిల్లచేప మరుసటి సంవత్సరానికి మిగిలేది. ఇది ఏదో స్వర్ణయుగమని నేననను. అప్పు ఉండేది, షావుకారు ఉండేవాడు, ఆకలి ఉండేది. కాని సముద్రపు అడుగును గీకి తెచ్చే శక్తి మాత్రం ఆ తెప్పకు లేదు.

ఆ శక్తి స్వాతంత్ర్యం తరువాత వచ్చింది. 1952లో కుదిరిన ఒప్పందం మేరకు ఇండో–నార్వేజియన్ పథకం కేరళలో నీండకర పరిసర గ్రామాల్లో ప్రారంభమైంది. జాలరి జీవితాన్ని బాగుచేయడం దాని మొదటి లక్ష్యం. కాని కొద్దికాలంలోనే రొయ్యకు విదేశాల్లో ఉన్న గిరాకీ బయటపడింది. లక్ష్యం పక్కకు పోయి, రొయ్య ముందుకు వచ్చింది. మరబోట్లు, ట్రాలు వలలు దేశమంతటా వ్యాపించాయి. ట్రాలు వల అంటే నోరు తెరిచిన సంచి వంటిది; సముద్రం అడుగున ఈడ్చుకుంటూ పోతుంది. రొయ్య కోసం వేసిన ఆ సంచిలో రొయ్యతోపాటు పిల్లచేప, పీత, తాబేలు అన్నీ పడతాయి. అమ్ముడుపోయేది ఉంచుకొని మిగిలింది పారబోస్తారు. మన విశాఖపట్నం ఈ వేటకు పెద్ద కేంద్రమైంది. 1980ల చివరికి అక్కడినుంచి వందకు మించిన పెద్ద ట్రాలర్లు రొయ్య కోసం బెంగాలు తీరం దగ్గరి శాండ్‌హెడ్స్ వరకు వెళ్ళేవి. వాటిని కొనడానికి అప్పులిచ్చింది ప్రభుత్వ ఆర్థిక సంస్థలు; సరుకు పోయింది విదేశాలకు; తర్వాతి దశాబ్దం ముగిసేలోగా ఆ ట్రాలర్లలో అధికభాగం వేట గిట్టక రేవులో తుప్పుపట్టాయి. ఆశపోతు ఎవరో ఈ క్రమమే చెబుతుంది.

రాజ్యం లేనిచోట పెద్దచేప చిన్నచేపను మింగడాన్ని మన ప్రాచీనులు మాత్స్యన్యాయం అన్నారు. మన సముద్రంలో జరిగినది అంతకంటె విడ్డూరం. రాజ్యం ఉండి, అప్పులిచ్చి, రాయితీలిచ్చి ఆ న్యాయాన్ని నడిపించింది.

దీన్ని మొదట గుర్తించి కేక వేసినవారు శాస్త్రజ్ఞులూ కారు, ప్రభుత్వాలూ కావు, చిన్న జాలర్లు. కేరళ జాలర్ల పోరాట ఫలితంగా 1988లో అక్కడ వానకాలపు ట్రాలింగు నిషేధం వచ్చింది. 1989లో జాతీయ మత్స్యకార్మిక వేదిక “నీటిని కాపాడండి, ప్రాణాన్ని కాపాడండి” అనే నినాదంతో తీరం వెంబడి యాత్ర నడిపి మే 1న కన్యాకుమారి చేరింది. అక్కడ పోలీసు కాల్పులు ఎదురయ్యాయి. 1991లో కేంద్రప్రభుత్వం విదేశీ భాగస్వామ్యంతో లోతుసముద్రపు వేటకు తలుపులు తెరిస్తే, 1994లో దేశమంతటా జాలర్లు సమ్మె చేశారు. ఫలితంగా మురారి కమిటీ ఏర్పడి, ఆ అనుమతులను రద్దు చేయాలని 1996లో సిఫారసు చేసింది. మన రాష్ట్రంలో 1994లో సముద్రవేట నియంత్రణ చట్టం వచ్చి, తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపలి జలాలను సంప్రదాయ వేటగాళ్ళకు కేటాయించింది. ఆ గీత కాగితం మీద ఎంత స్పష్టంగా ఉన్నదో నీటిమీద అంత అస్పష్టంగా ఉన్నదని తీరంలో ఎవరిని అడిగినా చెబుతారు.

ఇది మనదేశపు కథ మాత్రమే కాదు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేప తగ్గిపోతున్నదని ఒడ్డున వేటాడే చిన్న జాలర్లు 1980లలోనే మొరపెట్టుకున్నారు. పెద్ద ట్రాలర్ల లెక్కలు నమ్మినవారు వారి మాట వినలేదు. 1992 జులైలో కాడ్ వేటను పూర్తిగా నిలిపివేయవలసి వచ్చింది. సుమారు ముప్ఫైవేలమందికి పని పోయింది. నాలుగైదువందల యేళ్ళుగా ఖండాంతరాలకు తిండిపెట్టిన చేప కొన్ని దశాబ్దాల ట్రాలింగుకు ఆగలేకపోయింది.

4

ఇక విదేశాల వేషాల సంగతి. వీటిలో చరిత్రకెక్కినది 1999 నవంబరు చివర అమెరికాలోని సియాటిల్ నగరంలో జరిగింది. ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశాన్ని నిరసిస్తూ వేలాది కార్మికులు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వారి నడుమ సుమారు 240 మంది సముద్రపు తాబేళ్ళ వేషాలు కట్టి నడిచారు. వీపున రంగు వేసిన డిప్పలు. లారీ కార్మికుల సంఘంవారూ ఈ తాబేళ్ళూ ఒకే ఊరేగింపులో కలిసి నడవడం ఆనాడు ప్రపంచమంతటా పత్రికలకెక్కింది. అంతవరకు కార్మికుడి ఉపాధి వేరు, ప్రకృతి రక్షణ వేరు అనుకునేవారికి ఆ దృశ్యం జవాబు చెప్పింది. ఆ వేషానికున్న చారిత్రక విలువ అది. దాన్ని తగ్గించి చెప్పడం అన్యాయం.

కాని ఆ తాబేలు ఏ తగాదాలోనుంచి నడిచి వచ్చింది? ఈ ప్రశ్న మనకు ముఖ్యం; ఎందుకంటే ఆ తగాదాలో ఒక కక్షిదారు మనదేశం. రొయ్యల వలల్లో పడి తాబేళ్ళు చనిపోతున్నాయని, వలలో తాబేలు తప్పించుకుపోయే సాధనాన్ని బిగించని దేశాల రొయ్యను కొనబోమని అమెరికా 1989లో చట్టం చేసింది. 1996లో దాన్ని అన్ని దేశాలకూ విస్తరించింది. భారత్, పాకిస్తాన్, మలేషియా, థాయిలాండ్ దీనిపై ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. 1998 అక్టోబరులో అప్పీలు తీర్పు వచ్చింది. తాబేళ్ళను కాపాడటం న్యాయమైన లక్ష్యమే. కాని అమెరికా దాన్ని అమలుజరిపిన తీరులో పక్షపాతం ఉన్నది అని ఆ తీర్పు సారాంశం. కరీబియన్, పశ్చిమ అట్లాంటిక్ తీరదేశాలకు కొత్త సాధనం నేర్చుకోవడానికి మూడు సంవత్సరాల గడువు ఇచ్చిన అమెరికా, ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇచ్చింది.

సియాటిల్‌లో తాబేలు వేషం కట్టిన యువకుడికి కోపం వచ్చింది ఈ తీర్పు మీదనే. అతడికి కనిపించింది తాబేలు. ఆ తాబేలుకూ అమెరికా భోజనపు బల్లకూ మధ్య ఉన్న కాకినాడ మరబోటు కూలీ, ఐసు ఫ్యాక్టరీ ఆడకూలీ, ఎగుమతి వ్యాపారి, అప్పిచ్చిన బ్యాంకు – ఇవేవీ ఆ డిప్పలో ఇమడలేదు. రొయ్యను చవకగా కొన్న తన దేశపు కంపెనీ వేషం అతడు కట్టలేదు. ఫలితం ఏమిటి? తాబేలు అమాయకంగా, దాన్ని పట్టినవాడు క్రూరుడుగా మిగిలిపోయారు. మనదేశంలో సముద్రంలో పట్టిన రొయ్యను 2019 నుంచి అమెరికా మళ్ళీ నిషేధించింది. ఆ భారం మొదట దిగేది బోటు కూలీ వాటామీద.

తాబేళ్ళు చావనివ్వాలని నేననడం లేదు. శ్రీకాకుళం నుంచి దిగువకు మన ఇసుకతీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి; ప్రతి చలికాలం వాటి కళేబరాలు ఒడ్డుకు కొట్టుకువస్తాయి. అది మన సిగ్గు కూడా. బాధితుడి వేషం ఒక్కటే వేస్తే చూసేవాడికి జాలి కలుగుతుంది. జాలి కలిగినవాడు దగ్గరలో కనిపించిన చేతిని దోషిగా ఎంచుతాడు. దూరాన ఉన్న చేతిని చూపించాలంటే దానికి కూడా ఒక వేషం కావాలి. నా వాదం ఇంతే.

5

మనదేశంలోనే జరిగిన మరొక ఉదాహరణ దీనికంటె లోతైనది. గుజరాత్ తీరానికి ప్రతి సంవత్సరం తిమింగల సొర వస్తుంది. చేపలన్నిటిలో పెద్దది, మనిషికి హాని చేయనిది. దాని కాలేయపు నూనెను పడవలకు పూసేవారు. మాంసం విదేశాలకు పోయేది. 1999–2000 ప్రాంతంలో వందల సంఖ్యలో చంపారు. 2001లో దాన్ని వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మనదేశంలో అటువంటి రక్షణ పొందిన మొదటి చేప అదే. చట్టం వచ్చింది గాని, రేవులో ఎవరికీ తెలియదు.

అప్పుడు 2004లో వన్యప్రాణి ట్రస్టువారు గుజరాత్ అటవీశాఖతో కలిసి ప్రచారం ప్రారంభించారు. నిజమైన చేపంత పొడవుగల గాలిబొమ్మను ఊరూరా తిప్పారు. మన నరసాపురం, నక్కపల్లి వైపు ఊరేగింపుల్లో ఆడే బుట్టబొమ్మలను ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్తకాదు. దానితోపాటు వీధినాటకం ఆడారు. కడుపుతో ఉన్న కూతురు పురుటికి పుట్టింటికి వస్తుంది. ఈ చేప కూడా అలాగే మన తీరానికి వస్తున్నది. పుట్టింటికి వచ్చిన కూతుర్ని ఎవరైనా చంపుకుంటారా? ఇదీ నాటకంలోని ప్రశ్న. మొరారి బాపు అనే కథకుడు ఈ మాటనే తన ప్రవచనాల్లో చెప్పాడు. వలలో పడ్డ చేపను వల కోసి వదిలిపెట్టడం ఆ తీరంలో ఆచారంగా మారింది. ఇన్నేళ్ళలో వందలాది చేపలు ఇలా బతికాయి.

మతప్రచారకుడి నోట వచ్చిన మాటను అభ్యుదయవాదులు ఎలా స్వీకరించాలని కొందరు అడగవచ్చు. కూతురనే భావంలో మతం కంటె పాతదైన గృహజీవితం ఉంది. జాలరి దాన్ని తన ఇంటినుంచే ఎరుగును. అతణ్ణి నేరస్థుడని పిలవకుండా, తండ్రీ అని పిలిచిన నాటకం అది. చెప్పేవాడు వినేవాణ్ణి గౌరవించాడు. మన ప్రచార రచనల్లో ఎన్నిటికి ఈ గుణం ఉన్నదో ఆత్మవిమర్శ చేసుకోవాలి.

అయితే ఆ విజయానికి మరొక కారణం ఉంది. ప్రచారాన్ని పొగిడేవారు దాన్ని తరచు మరిచిపోతారు. వల కోసి చేపను వదిలిన జాలరికి ఆ వల ఖరీదును ప్రభుత్వం నష్టపరిహారంగా ఇచ్చింది. వల లేకుంటే రేపటి వేట లేదు, వేట లేకుంటే అప్పు తీరదు. కూతురి కథ మనసును కదిలించింది, నష్టపరిహారం చేతిని కదిలించింది. ఈ రెండవది లేకుండా మొదటిదాన్ని మాత్రమే ఆడిస్తే అది బీదవాడికి నీతిబోధగా మిగిలేది. 2021 డిసెంబరులో విశాఖ సమీపాన తంతడి తీరంలో ఇటువంటి చేపే వలలో చిక్కినప్పుడు అటవీ అధికారులూ జాలర్లూ కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి నెట్టారు. వల నష్టాన్ని చెల్లిస్తామని అధికారులు ప్రకటించారు.

ఇక్కడ మన తెలుగువారి కథ ఒకటి కలుస్తుంది. గుజరాత్ ప్రచారం సాగిన రేవుల్లో వేరావల్ ముఖ్యమైనది. ఆ వేరావల్ బోట్లమీద కూలికి వెళ్ళేవారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు వేలమంది ఉన్నారు. తమ తీరాన చేప తగ్గి, బోట్లు నిలిపే రేవు లేక, సంవత్సరంలో ఎక్కువ నెలలు దేశానికి ఆ చివర గడుపుతారు. 2018 నవంబరులో ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వంటి గ్రామాలవాళ్ళు వేరావల్ బోట్లమీద ఉండగా పాకిస్తాన్ నౌకలు పట్టుకున్నాయి. వారిలో ఇరవైమంది పద్నాలుగు నెలలు కరాచీ జైలులో ఉండి 2020 జనవరిలో వాఘా దగ్గర దేశంలో అడుగుపెట్టారు. తరువాత ఈ కథ సినిమాగా కూడా వచ్చింది.

గుజరాత్ నాటకంలో పుట్టింటికి వచ్చిన చేప ఉంది. పుట్టిల్లు విడిచి వచ్చిన ఈ కూలీ లేడు. నష్టపరిహారం వల యజమానికి చెందుతుంది. వల లాగిన చేతికి కాదు. ఒక తీరంలో అతివేట జరిగితే అక్కడి మనిషి మరొక తీరానికి పోయి అక్కడి అతివేటలో కూలీ అవుతాడు. ఈ చక్రం మొత్తాన్ని చూపించే వేషం ఇంకా ఎవరూ కట్టలేదు.

6

ఇంతవరకు చూసినదాన్నిబట్టి కొన్ని నిర్ణయాలు చేయవచ్చు.

మొదటిది: వేషం తమాషా కాదు. మాచుపల్లి నుంచి సియాటిల్ దాకా అది మాట వినిపించని చోట మాటగా పనిచేసింది. రూపాన్ని చూసి వెక్కిరించే విమర్శకుడు ప్రజల చరిత్రను చదవనివాడు.

రెండవది: వేషానికి దిశ ఉండాలి. ఇది తేలిక కాదని ఒప్పుకోవాలి. భూమిమీద దొరకు గడి ఉంది, టోపీ ఉంది, మీసం ఉంది. పిట్టలదొర వాటిని ఎత్తి చూపగలిగాడు. సముద్రంలో దొరకు ముఖం లేదు. అతడు ఒకచోట బ్యాంకు, ఒకచోట ఎగుమతి కంపెనీ, ఒకచోట డీజిలు రాయితీ, దూరదేశంలో ఒక భోజనశాల. ముఖం లేనిదానికి ముఖం కట్టడమే కదా వేషగాడి విద్య! చేప వేషం పక్కన ట్రాలరు దొర కూడా టోపీ పెట్టుకొని రావాలి. లేని సముద్రాలను లెక్కపెడుతూ, పుట్టని చేపలను తాకట్టుపెడుతూ వీధి పొడవునా నడవాలి.

మూడవది: ఆ నవ్వు పక్కవాడిమీద పడకూడదు. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల తగాదా పడవలు తగలబడేదాకా పోయింది. రింగు వల పిల్లచేపను కూడా ఊడ్చుకుపోతుందన్న సంప్రదాయ జాలరి ఫిర్యాదు న్యాయమైనది. కాని ఆ వల కొన్నవాడు కూడా పక్క పేట జాలరే, అప్పు తెచ్చి కొన్నవాడే. వారిద్దరినీ ఒడ్డున తలపడేలా చేసిన పరిస్థితిని వదిలి, రింగు వలవాణ్ణి రాక్షసుడుగా చూపించే వేషం ఎవరికి మేలు చేస్తుంది?

నాలుగవది: వేషం వెంట కోరిక ఉండాలి. తూర్పుతీరాన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం ఉంది. చేప గుడ్డు పెట్టే కాలమిది, నిషేధం అవసరమే. ఆ రెండు నెలలు పొయ్యిలో పిల్లి లేవాలంటే భృతి కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ భృతి 2019లో పదివేల రూపాయలు, 2025లో ఇరవైవేలు అయింది. ఇది దయ కాదు. సముద్రానికి విశ్రాంతినిచ్చినవాడికి సమాజం చెల్లించే కూలి. ఆ మాటను వేషం నోట చెప్పించాలి.

సముద్రం లేని తెలంగాణాలో ఇదంతా ఎందుకని చిన్న మంగళారం వంటి ఊళ్ళ ఉపాధ్యాయులు అనుకోనక్కరలేదు. శ్రీశైలం జలాశయం వెనుక కృష్ణలో, నిషేధం ఉన్నా, అలివి వలలు వేసి వేలెడు పొడవు లేని చేపపిల్లలను ఎండబెట్టి అమ్ముతున్నారని పత్రికలు ప్రతి ఏటా రాస్తున్నాయి. అక్కడ కూడా వల లాగేవాడు కూలీ, వల వేయించేవాడు దళారి. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదులుతున్నది. వదిలిన పిల్ల పెరగకముందే పట్టి అమ్మవలసిన అవసరం ఎవరికి, ఎందుకు కలుగుతున్నదో విద్యార్థులు తమ ఊరి చెరువుకట్ట మీదనే విచారించవచ్చు. ముదిరాజుల ఇళ్ళలో, గంగపుత్రుల ఇళ్ళలో అడిగితే పుస్తకాల్లో లేని లెక్కలు దొరుకుతాయి. ఆ లెక్కల్లోనుంచే వేషం పుట్టాలి. పట్నంలో కుట్టించి తెచ్చిన వేషం పల్లెలో నిలవదు.

మన ఉద్యమ సాహిత్యం భూమిని గురించి రాసినంతగా నీటిని గురించి రాయలేదు. భూమికి పట్టా ఉంది కనుక దాన్ని లాక్కున్నవాడు కనిపించాడు. నీటికి పట్టా లేదు కనుక అది పోయినప్పుడు ఎవరూ లాక్కోనట్టే కనిపించింది. ఈ లోపాన్ని దిద్దుకోవడం మన తరం రచయితల బాధ్యత.

నన్ను ప్రశ్న అడిగిన విద్యార్థికి ఇప్పుడు ఇలా చెబుతాను. నీవు చూపించిన ఫోటోలో సగం నాటకమే ఉంది, నాయనా. చేప వచ్చింది, దొర రాలేదు. ఆ రెండవ వేషం కట్టడం మన ఊరివాళ్ళకు తరతరాలుగా వచ్చు. నీవు వెళ్ళి పిట్టలదొర దగ్గర కొన్నాళ్ళు నేర్చుకొని, చెరువుకట్ట మీద ఆడి చూపించు. జనం ఎవరిమీద నవ్వారో చూసుకో. అది ఉద్యమమో తమాషానో ఆ నవ్వే చెబుతుంది.